గేజీ నా చేతికొచ్చిన రోజు

ఏసీ పని నేర్చుకుంటానని మలక్‌పేటలో ఒక షాపులో చేరితే, షాపు నడిపే ఉస్తాద్ నాకు ఫిల్టర్లు కడిగే పని అప్పగించాడు. నా తర్వాత చేరిన మగవాళ్లు గ్యాస్ ఎక్కించడం కూడా నేర్చేసుకున్నారు. గ్యాస్ ఒత్తిడి చూసే గేజీ నేను ముట్టుకుంటే చాలు, "వద్దు చెల్లె, ఆడోళ్లతోని కాదు గది" అనేవాడు. ఒళ్లు మండిపోయేది. ఆయనేమైనా గేజీ చేతపట్టుకుని పుట్టాడా? పక్కన నిలబడి, చూసి చూసి అంతా నేర్చుకున్నాను. చేత్తో చేయడమే మిగిలింది.

కిందటి ఎండాకాలం దబీర్‌పురాలో ఒక ఇంటికి ఇద్దరం వెళ్లాం. ఏసీ చల్లబడటం లేదట. పైగదిలో బాలింత పడుకుని ఉంది. పరదా పాటించే ఇల్లు, మగవాళ్లెవరూ లేరు. ఉస్తాద్‌ను కింద మెట్ల దగ్గరే ఆపేశారు. పెద్దావిడ నన్ను చూసి, "తుమ్ ఆవ్ బేటీ" అని పైకి రమ్మంది.

అప్పుడు ఆయన ముఖం చూడాలి! గేజీ, సిలిండరూ నా చేతికిస్తూ, "గ్యాస్ కొట్టి వచ్చెయ్, అంతే. ఏం గెలకకు" అన్నాడు.

బాల్కనీలో బయటి యూనిట్ దగ్గర పైపు నట్టుకు నూనె మరక కనబడింది. సబ్బు నురుగు రాస్తే బుడగలు లేచాయి. లీకేజీ అక్కడే. ఏటా ఈ ఇంటికి గ్యాస్ కొట్టి పోయేది మా షాపే. అదేమన్నా పొయ్యిలో మండే గ్యాసా, అయిపోవడానికి? కారితేనే తగ్గుతుంది. లోపల ఉక్కకు పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

పైనుంచే అరిచాను. "అన్నా, లీకేజీ ఉంది. పైపు కోసి మళ్ల బిగిస్త. వాక్యూమ్ పంపు కావాలె."

"ఏందే నీ లొల్లి? గ్యాస్ కొట్టి దిగు!"

"కొట్ట. గిట్లనే కొడితే వచ్చే ఏడు మళ్ల గిదే గోస."

"గట్లయితే రేపటి సంది షాపుకు రాకు."

ఆడమనిషికి ఈ పని నేర్పడానికి మరే షాపూ ఒప్పుకోలేదు. అయినా నోరు ఆగలేదు. "రాకపోతే రాకపాయె. ముందు పంపు, పనిముట్ల సంచి పైకియ్యి!"

పెద్దావిడ మెట్ల మీంచి వంగి, "జో మాంగ్రీ సో దేవ్ భాయ్" అంది. అడిగింది ఇవ్వక తప్పలేదు ఆయనకు.

మిగిలిన గ్యాస్‌ను యూనిట్‌లోకి లాగి వాల్వులు మూశాను. పైపు మూతి కోసి, మళ్లీ విప్పార్చి, నట్టు బిగించాను. పంపుతో లోపలి గాలంతా లాగేశాక గేజీ ముల్లు కదలకుండా నిలబడింది, ఇక లీకు లేదు. అప్పుడు తూకం చూసి గ్యాస్ ఎక్కించాను. గది చల్లబడింది, బిడ్డ నిద్రపోయింది.

మర్నాడు షాపుకు వెళ్లాను. ఎందుకు వెళ్లకూడదు? ఉస్తాద్ నావైపు చూడకుండానే, "చాంద్రాయణగుట్టల ఇంకో ఇల్లుంది. ఆడోళ్లే ఉంటరట. పోతవా?" అన్నాడు.

"ఆడోళ్లుంటేనే కాదు, ఏ ఇంటికైనా పోత. గ్యాస్ నేనే కొడత" అన్నాను.

సరేనని ఆయన నోటితో అనేదాకా బండెక్కలేదు.