జేజి కలిపిన ముద్ద

రహమత్‌బీకి ఒక జబ్బుంది. గడప తొక్కిన పిల్లలు ఎవరి పిల్లలైనా సరే, కడుపు నింపకుండా పంపదు. ప్రొద్దుటూరులో ఉన్నప్పుడూ అంతే, సౌదీలో, అల్ ఖోబర్‌లో ఈ మూడో అంతస్తుకు వచ్చాకా అంతే. ఒకప్పుడు ఇక్కడ మెట్లమీద పిల్లల గోలకు చెవులు మూసుకోవాల్సి వచ్చేది. పరాయి దేశాలవాళ్ల ఇంటి మనుషుల మీద సర్కారు తలకింత అని లెవీ పన్ను పెట్టాక ఒక్కో కుటుంబమే ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఊరికి వెళ్లిపోయింది. భర్త మస్తాన్ వలీ కంపెనీ, ఇంతమంది సౌదీవాళ్లకు కొలువులివ్వాలనే నితాఖత్ లెక్కలో ఎలాగో గట్టెక్కి ఆయన ఉద్యోగం నిలిచింది కాబట్టి వీళ్లు మిగిలారు. కూతురు ఖాలిదాకు మాత్రం ఆడుకోవడానికి తోడు లేకుండా పోయింది.

అలాంటప్పుడు ఎదురు ఫ్లాట్‌లో ఒక చైనా కుటుంబం దిగింది. తల్లీ తండ్రీ ఇంజనీర్లు, పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. కొడుకు లెలెకు ఆరేళ్లు. వాడికి వండిపెట్టడానికని జేజి, వాళ్ల నాయనమ్మ, కూడా వచ్చింది. లెలె మొదటిరోజే వీళ్లింటికి వచ్చి, అన్నం తింటున్న ఖాలిదా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని నోరు తెరిచాడు. రహమత్‌బీ కోడిగుడ్డు పులుసుతో అన్నం కలిపి నోట్లో పెట్టింది. కారానికి ముక్కు కారుతున్నా వాడు మళ్లీ నోరు తెరిచాడు. వాడు నేర్చుకున్న మొదటి తెలుగు మాట ‘ముద్ద’.

రోజూ బడి నుంచి రాగానే వాడిలా వచ్చి వాలుతుంటే రహమత్‌బీకి ముసలామె మీద ఒళ్లు మండింది. "అంత దూరం నుంచి వచ్చి, ఈ బిడ్డకు ఇంత కూడు గూడా పెట్టదేమబ్బా ఆ జేజి," అని మొగుడి దగ్గర సణిగింది.

ఒకనాడు లెలె తల్లి మెట్లమీద కలిసి ఇంగ్లీషులో ఏదో చెప్పి కళ్లు తుడుచుకుంది. ఖాలిదా దాన్ని తెలుగులో విప్పి చెప్పింది. లెలె ఇంట్లో మెతుకు ముట్టడట. డాక్టరు జబ్బేమీ లేదన్నాడట. తన చేతి వంట మనవడికి చేదయిందని జేజి కుమిలిపోతోందట, తానింక ఇక్కడ దేనికని చైనాకు తిరిగి వెళ్లిపోతోందట.

"ఆయమ్మ నోట్లో మన్ను గొట్టింది నేనే గదా," అంది రహమత్‌బీ.

మర్నాడు లెలె రాగానే వాడి చెయ్యి పట్టుకుని ఎదురింటి తలుపు తట్టింది. లోపల బల్ల నిండా వండినవి వండినట్టే ఉన్నాయి. టమాటా, కోడిగుడ్డు వేసి చేసిన కూర గిన్నె ఒకటి, దాని పక్కన అన్నం. రహమత్‌బీ ఆ రెండూ తీసుకుని, చేతులు కడుక్కుని, నేలమీద చతికిలబడింది. అన్నం జిగురుగా ఉండి ముద్దకు భలే కుదిరింది. లెలె గిన్నె ఖాళీ చేసేశాడు.

వాడు తిన్నది జేజి వంటే. వాడికి కావలసింది ముద్ద, అంతే. ఆమె మోకాళ్లు పట్టుకుంటూ నేలమీద కూర్చుని చెయ్యి చాచింది. వేళ్లు కూడదీసి, బొటనవేలితో నెట్టడం రహమత్‌బీ చూపించింది. మొదటి ముద్ద పిల్లాడి ఒళ్లో పడింది. రెండోది నోట్లో పడింది. ఇద్దరాడవాళ్లూ పొట్ట పట్టుకుని నవ్వారు.

జేజి ప్రయాణం ఆగిపోయింది. శుక్రవారాలు కొడుకూ కోడలూ కూడా నేలమీదే, జేజి చుట్టూ చేరి వంతులవారీగా నోళ్లు తెరుస్తున్నారు. వాళ్ల భోజనాల బల్ల మీద ఇప్పుడు ఉతికిన బట్టలు ఆరుతున్నాయి.

అంతా బాగుందనుకుంటే ఖాలిదా ఇంట్లో తినడం మానేసింది. రహమత్‌బీ కలిపిన అన్నం గిన్నెతో ఎదురింటికి వెళ్తే, కూతురు అక్కడ పుల్లలతో నూడుల్స్ జుర్రుతోంది. "మనింట్లో కూడు చేదయిందా నీకు?" అని గడపలోనే నిలదీసింది. జేజికి మాట అర్థం కాకపోయినా గిన్నె అర్థమైంది. నవ్వుతూ లేచి వచ్చి, పుల్లలతో ఇన్ని నూడుల్స్ తీసి రహమత్‌బీ నోట్లో పెట్టింది.

ఎందరి పిల్లలకో ముద్దలు పెట్టిన మనిషి. అమ్మ పోయాక ఆమె నోటికి అందించినవాళ్లు మళ్లీ లేరు. రహమత్‌బీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గడపలోనే చతికిలబడి, మళ్లీ నోరు తెరిచింది.