టేపు అక్క మాత్ర కోయనన్న మంగళవారం

మెడలో టేపు లేకుండా టేపు అక్కను నేనెప్పుడూ చూడలేదు. ఆడపిల్లల బట్టలు కుడుతుంది. గుడ్డ మీద గీత గీయకుండానే కత్తెర పెట్టేస్తుంది. తన చేతి మీద తనకు అంత గురి. మూర్ఛ వచ్చే పిల్లల కోసం మంగళవారాలు నడిచే ఆసుపత్రి విభాగంలో మాకు పరిచయం. ఆవిడ కూతురికి ఆరేళ్లు, మా పాపకు రెండు.

పిల్లల మోతాదు మాత్రలు ఆ ఆసుపత్రికి వచ్చేవి కావు. పెద్దవాళ్ల మాత్రలిచ్చి, చీటీ మీద ‘పావు మాత్ర, రెండు పూటలా’ అని రాసేవారు. ఇంటికెళ్లి వంటింటి కత్తితో కుస్తీ పడితే సగం పొడైపోయేది. మా అవస్థ చూడలేక అక్క మందుల కిటికీ పక్కన బల్ల మీద తెల్ల కాగితం పరిచి, కొత్త బ్లేడుతో నలభై మంది పిల్లలకూ కోసి పెట్టేది.

“నా చేత్తో కోస్తే ఇక తూకం అక్కర్లేదు,” అనేది.

చిన్న మాత్రలు తెప్పించమని మందుల విభాగం పెద్దాయనకు అర్జీ ఇచ్చాం. ఆయన చదివి నవ్వాడు. “ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు. మీ టైలరమ్మ ఉందిగా! మిషను కూడా అంత బాగా కోయదు.”

బయటికొచ్చాక అక్క ముఖం వెలిగిపోతోంది. అర్జీ గాలికి పోయిందని నాకు అర్థమైంది కానీ, ఆ సంతోషం చూసి నోరు మెదపలేకపోయాను.

ఆ వారమే అక్క కూతురు బడి మెట్ల మీద ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఒక్క పూట కూడా మందు తప్పలేదు. మర్నాడు అక్క నేను పనిచేసే కాలేజీ ల్యాబుకు చిన్న డబ్బాతో వచ్చింది.

“ల్యాబమ్మా, వెంట్రుకను కూడా తూచే తక్కెడ ఉందంటావుగా. ఈ అరవై ముక్కలూ తూచు.”

తూచాను. కొన్ని ఉండాల్సిన బరువులో మూడింట రెండొంతులే ఉన్నాయి. కొన్ని దాదాపు ఒకటిన్నర రెట్లున్నాయి. అంకెలు పైకి చదవలేక కాగితం ఆవిడ ముందు పెట్టాను.

“అంటే చిన్నదానికి పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ పెట్టింది నేనేనా?”

“తప్పు నీ చేతిది కాదక్కా. ఆ మాత్ర నాలుగు ముక్కలు చేయడానికి తయారైంది కాదు.”

“పడిపోవడం దీనివల్లేనా?”

“కచ్చితంగా చెప్పలేను. కావచ్చు.”

అక్క కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది.

మంగళవారం బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంది. “నేను కోయను,” అంది.

“ఏంటక్కా, ఇప్పుడు బెట్టా?” అంది కవల పిల్లల తల్లి.

“మనమేమన్నా ఆవిడకి జీతమిస్తున్నామా, అడగడానికి!” అని దెప్పాడు వ్యాను నడిపే తండ్రి.

“బెట్టు కాదు నాయనా. ఇన్నాళ్లూ నేను తప్పు కోశా. నేను కోస్తున్నా కాబట్టే వాళ్లు తెప్పించట్లా. చీటీలో పావు అని రాసింది వాళ్లేగా? కోసి, తూచి వాళ్లనే ఇమ్మనండి.”

బతిమాలి తెచ్చిన ల్యాబు తక్కెడను కిటికీ అరుగు మీద పెట్టాను. వాళ్లకు కోపమొచ్చి ఆ పెద్ద మాత్రలు కూడా ఆపేస్తే మా పాప గతేమిటి?

కవలల తల్లి చీటీ అందించింది. కిటికీలో మందులిచ్చే అతను బ్లేడు పట్టాడు. మూడు ముక్కలు, బోలెడు పొడి.

“ఇందులో పావు ఏది, అన్నా?” అందావిడ. వరసంతా గొల్లున నవ్వింది.

గంటలో ఐదుగురికి కూడా ఇవ్వలేకపోయాడు. వరస గేటు దాటింది. అప్పుడు పెద్దాయన పైనుంచి దిగొచ్చాడు.

“ఏంటమ్మా ఈ గొడవ? నువ్వు చక్కగా కోసేదానివిగా!”

“లేదు సార్. నాకు రాదు.”

ఇరవై ఏళ్లుగా కోతే బతుకైన మనిషి, అందరి ముందూ ఆ మాట అంది. జాకెట్లోంచి కాగితం తీసి ఆయనకిచ్చింది. “ఇవి నా ముక్కల బరువులు. మీరొక్కటి సరిగ్గా కోసి చూపించండి సార్. మీ దగ్గరే నేర్చుకుని రేపట్నుంచి నేనే కోస్తా.”

ఆయన కోశాడు. తూచాను. తక్కువొచ్చింది. ఇంకోటి కోశాడు, ఎక్కువొచ్చింది. మూడోది చిట్లి కిటికీ కిందకి దొర్లింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన బ్లేడు పక్కన పెట్టి జేబులోంచి పెన్ను తీశాడు.

“ఎంతమంది పిల్లలు? వయసు, బరువు చెప్పండి.”

టేపు అక్క చెప్పింది. నలభై మందివీ, చీటీలు చూడకుండా.

ఆ సాయంత్రమే పక్క ఆసుపత్రి నుంచి పిల్లల సిరప్పు తెప్పించారు. ఆరో వారానికి చిన్న మాత్రలు వచ్చాయి. వ్యాను తండ్రి ఈల వేసి నర్సు చేత చీవాట్లు తిన్నాడు. అక్క మాత్రం అట్ట మీద మోతాదు, గడువు తేదీ రెండుసార్లు చదివించుకుని, అప్పుడు ఒక మాత్ర కూతురి అరచేతిలో పెట్టింది.

పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “అమ్మా, ఇందులో నా ముక్క ఏది?”

“ముక్కేంటే పిచ్చిదానా,” అంది అక్క. “మొత్తం నీదే.”