మా ఇంటి పగ

మొన్న మా పెద్దమ్మ పెద్దకర్మ భోజనాల దగ్గర ఎవరో చుట్టాలావిడ మా అమ్మను, దండేసిన పెద్దమ్మ ఫోటోను చూపించి, "ఆలిద్దరిదీ పగే తల్లీ" అని గుసగుసలాడింది. అది మా అమ్మాయి చెవిన పడనే పడింది. భిలాయిలో పుట్టిన పిల్ల, హిందీలో అయితేనే గట్టిగా దెబ్బలాడగలదు. "మమ్మీ, పగ అంటే దుశ్మనీయే కదా?" అంది. కాదన్నాను. నేను కాదనడం మా ఇంట్లో వింతేమీ కాదు గానీ ఈసారి నిజంగానే కాదు. దుశ్మనీకి స్కూటరు అడ్డం పెట్టినవాడైనా సరిపోతాడు. పగకు సొంతమనిషి కావాలి, రోజూ కనబడుతూ ఉండాలి.

భిలాయి స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టర్ 6లో అమ్మకూ పెద్దమ్మకూ, అంటే ఇద్దరు తోడికోడళ్ళకూ, పక్కపక్క క్వార్టర్లు. శ్రీకాకుళం నుంచి నానమ్మ పోయిందని టెలిగ్రాం పెద్దనాన్నకు వచ్చింది. నాన్న ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు. గేటు దగ్గర కబురు పెట్టామని అమ్మతో చెప్పి పెద్దమ్మవాళ్ళు రైలెక్కేశారు. ఆ కబురు అందలేదు. నాన్న ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. "నా పెనిమిటికి కన్నతల్లి ముఖం దక్కనీలేదు. మా తోడికోడలు పోయిన్నాడు ఆవిడ ముఖం నేనూ సూడను" అని అమ్మ పెరట్లో నిలబడి వీధంతా వినేలా ఒట్టేసుకుంది. తమాషా ఏమిటంటే, అన్నదమ్ములిద్దరూ కొన్నాళ్ళకే మళ్ళీ జంటగా సైకిళ్ళమీద డ్యూటీకి పోయారు. పగ మాత్రం ఆడవాళ్ళకు వదిలేశారు. వాళ్ళు మాట్లాడుకోరు, సరే, మరి అవసరాలో? గోడవతల తిరిగే ఆవుకు చెప్పేవారు. "ఒసే ఆవా, వాన పడతంది, ఒకరి బట్టలు తడిసిపోతన్నాయి, కళ్ళు నేవేటి?" అని అమ్మ. "సూసేనని సెప్పవే ఆవా" అని పెద్దమ్మ. రిటైరయ్యాక భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఇళ్ళు కట్టుకున్నప్పుడూ స్థలాలు పక్కపక్కనే కొన్నారు. ఇదేం పగ అని నేను వాదించాను. "దూరంగా ఉంటే ఎలా కుదురుతాదే?" అంది అమ్మ.

నాన్నా పెద్దనాన్నా ముందే పోయారు. ఈ నెల పెద్దమ్మ పోయింది. ఆ ఉదయం వెళ్ళడం, మానడం అమ్మకే వదిలేశాను. ఒట్టు ఆవిడది. చాలాసేపు పప్పు ఏరింది, ఏరిందే మళ్ళీ ఏరింది. తర్వాత లేచి, చెప్పుల్లేకుండా పక్కింటికి నడిచింది. జనం తప్పుకున్నారు. అమ్మ వెళ్ళి పెద్దమ్మ తల దగ్గర చతికిలబడింది. పెద్దమ్మ చెంపమీద ఈగ వాలితే కొంగుతో తోలింది. మళ్ళీ వాలింది, మళ్ళీ తోలింది. పాడె లేచేదాకా అలా తోలుతూనే కూర్చుంది.

ఇంటికొచ్చి స్నానం చేశాక, "ఏడుపు రాలేదేమ్మా?" అని అడిగాను.

"రానేదు. సంతోషమూ రానేదు. ఏటో, సెయ్యి తిమ్మిరెక్కినట్టుంది."

పగంటే ఏమిటని మా అమ్మాయి మళ్ళీ అడిగితే అమ్మమ్మను చూడమన్నాను. అన్నం తిన్నాక అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. పక్కింటికి తాళం. మధ్యాహ్నం ఇంత పొడుగుంటుందని ఇన్నేళ్ళూ ఆవిడకు తెలియనే లేదనుకుంటాను.