నా వేషం కట్టిన టీచరు

మా పాటల టీచరు పోయారన్న కబురు నాకు చెప్పింది మా నాన్న. పొద్దున్నే నరసన్నపేట నుంచి ఫోను చేశారు. "అమ్మా, మీ టీచరమ్మ పోనాదట. కోటబొమ్మాళిలో, ఆవిడ సెల్లెలింట్లో. మూడింటికి సమాధి సేస్తారట" అని చెప్పి, "వస్తావా?" అన్నారు. ఆయనకూ ఆవిడకూ పన్నెండేళ్లుగా మాటల్లేవు. అందుకు కారణం నేను. ఇది రాస్తున్నదీ అందుకే.

ఆవిడ మా బడిలో సంగీతం టీచరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కూలి చేసుకు బతికిన బాప్టిస్టు కుటుంబంలో పుట్టారు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేది ఆవిడే. ఎవరైనా అపశ్రుతి పాడితే చెవి పట్టుకునేవారు, పిల్లల చెవి కాదు, తన చెవి. "ఈ సెవి మీకేటి అన్నేయం సేసిందే?" అనేవారు. తప్పు పాడినవాళ్లం కూడా పడీ పడీ నవ్వేవాళ్లం.

చిన్నప్పుడెప్పుడో విజయనగరంలో చూసిన ఒక పాత నలుపు తెలుపు సినిమా అంటే ఆవిడకు ప్రాణం. ఒక నాటక బృందం నాటకం వేయబోతుంది. హీరోయిన్ అలుగుతుంది, రాజు తలకి కిరీటం పట్టదు, తెర లాగేవాడు కునుకు తీస్తాడు. చివరికి అన్నీ తప్పుగా జరిగిన ఆ నాటకాన్నే జనం నెత్తిన పెట్టుకుంటారు. దాని సీడీ ఎక్కడో సంపాదించి, మా పదో తరగతి ఆడపిల్లలకి కంప్యూటర్ గదిలో వేసి చూపించారు. మేం సినిమా చూస్తుంటే ఆవిడ మా మొహాలు చూస్తూ కూర్చున్నారు.

అయ్యాక, "మనం ఏద్దామేటి ఇలాటిది?" అన్నారు.

స్కూలు వార్షికోత్సవానికి అలాంటిదే ఒక నాటకం తనే రాశారు. పాటలూ తనే కట్టారు. "కిరీటమొచ్చె రాజు రాలే, రాజు వచ్చె మీసం రాలే" అని ఒక పాట ఉండేది. అలిగే హీరోయిన్ వేషం నాకిచ్చారు. నెల రోజులు సాయంత్రాలు సాధన. మేం ఒకరితో ఒకరు పోట్లాడుకుని ఏడిస్తే, "తెర ఎనకాల ఏడుపు ఎనకాలే ఉండాల. ముందుకొచ్చీసరికి నవ్వే. రెండూ కలిపీసినారంటే నాటకం పోతాది" అని కళ్లు తుడిచేవారు.

మాది బట్టల కొట్టు. ఆడపిల్ల స్టేజీ ఎక్కి ఆడి పాడడం మా ఇంట్లో జరగని పని. ప్రార్థన గీతంలో పదిమందితో పాటు నిలబడతానని నాన్నకి చెప్పాను. ఇంట్లో ఒప్పుకున్నారని టీచరుకి చెప్పాను. రెండూ అబద్ధాలే.

ఆ సాయంత్రం మొహానికి రంగు వేసుకుని, తల నిండా కాగితం పూలు పెట్టుకుని స్టేజీ వెనక కూర్చుని ఉండగా నాన్న వచ్చారు. కొట్లో ఎవరో చెప్పారట. నన్ను ఎగాదిగా చూసి టీచరువైపు తిరిగారు.

"ఏటండీ ఇది? పెళ్లికెదిగొచ్చిన పిల్లకి ఈ ఏషాలేటి? నాకో మాట సెప్పాలా, అక్కర్లేదా?"

టీచరు తెల్లబోయి నన్ను చూశారు. "ఇంట్లో సెప్పీసేనన్నావు కదే?"

నాన్న నావైపు ఒక అడుగు వేశారు. ఆయన చెయ్యి నా మీద ఎప్పుడూ లేవలేదు, ఆ రోజు లేస్తుందనుకున్నాను. నోట్లోంచి మాట వచ్చేసింది. "టీచరే సెప్పొద్దన్నారు నాన్నా."

ఆవిడ నన్ను చూసిన చూపు రాయడం నాకు చేతకాదు. కోపం కాదు. తెలిసిన మనిషి కోసం గుంపులో వెతుకుతున్నట్టు చూశారు. తర్వాత నాన్నతో, "అవునండి బాబూ, తప్పు నాదే. పిల్లనేటీ అనకండి" అన్నారు. నా తలలోంచి కాగితం పూలు ఒక్కొక్కటే తీసి తన ముడిలో పెట్టుకోవడం మొదలుపెట్టారు.

నన్ను స్కూటరెక్కించి తీసుకుపోతుంటే మైకులో ఆవిడ గొంతు వినబడింది. నా పాట. ముందు ఈలలు, కేకలు. పదహారేళ్ల హీరోయిన్‌గా యాభై దాటిన మనిషి వస్తే మరేమంటారు? మేం బజారు మలుపు తిరిగేసరికి ఆ కేకలు నవ్వులైపోయాయి. ఎగతాళి కాదు, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు.

కానీ ఎవరో ఫోనులో తీసిన వీడియో ఊరంతా తిరిగింది. కొట్టుకొచ్చిన వాళ్లందరితో నాన్న, "పిల్లలకి అబద్ధాలు నేర్పే టీచరు" అన్నారు. ఆ మాట బడికీ పోయింది, చర్చికీ పోయింది. మరుసటి ఏడు బడిలో సంగీతం పీరియడ్లు తీసేసి ఆవిడకి చిన్న తరగతుల తెలుగు ఇచ్చారు. చర్చి సంఘ పెద్దలు హార్మోనియం వేరేవాళ్లకి అప్పగించారు. ఆవిడ ఎవరికీ ఏ సంజాయిషీ చెప్పలేదు. నేను విజయనగరంలో చదువుకుని, అక్కడే టీచరు ఉద్యోగంలో చేరాను. నేనూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పోయినేడు, ఆవిడ రిటైరై చెల్లెలింట్లో ఉంటున్నారని తెలిసి, ధైర్యం చేసి కోటబొమ్మాళి వెళ్లాను. మనిషి సగమైపోయారు. ఎదురుగా కూర్చుని, ఏడుస్తూ, ఆ రోజు అబద్ధం ఆడింది నేనేనని చెప్పాను.

"తెలుసే. నాను అక్కడే ఉన్నాను కదా" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. క్షమించమన్నాను.

"నీది తప్పు కాదని సెప్పనే. తప్పే. పాటల కలాసు తీసీసిన రోజు ఇంటికొచ్చి ఏడిసేను. మీ నాన్నకి సెప్పినావా?"

"లేదు టీచర్."

"మరి నాకేటి సెప్తావు? నాకు తెలిసిందే కదా. తెలీనోల్లకి సెప్పు."

టీ పెట్టించి ఇచ్చారు. వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చారు. నేను ఇంటికి పోయి చెప్పలేదు. పండగకి చెబుదామనుకున్నాను, సెలవులకి చెబుదామనుకున్నాను. ఏడాది గడిచిపోయింది.

ఆవిడ పోయిన కబురు తెలిసిన ఆ మధ్యాహ్నం నరసన్నపేటలో బస్సు దిగేసరికి నాన్న స్కూటరుతో ఉన్నారు. కోటబొమ్మాళి దారిలో, ఆయన వీపు వెనక కూర్చుని, అంతా చెప్పాను. మొహం చూస్తూ చెప్పలేకపోయాను. ఆయన స్కూటరు పక్కకి తీసి ఆపారు. లారీలు పోతూనే ఉన్నాయి.

"ఊరందరికీ సెప్పీసేను కదే" అన్నారు. రోడ్డువైపు చూస్తూ, "ఇప్పుడెవలికి సెప్పుకోవాల?" అన్నారు.

ఆయన మళ్లీ స్కూటరు స్టార్ట్ చేశారు.

సమాధుల దొడ్డిలో జనం తక్కువే. నాన్న గేటు దగ్గర తటపటాయించి, లోపలికి వచ్చి, అందరి వెనక నిలబడ్డారు. పెట్టె దించాక చర్చి ఆడపిల్లలు పాట ఎత్తుకున్నారు. హార్మోనియం లేక, బాగా పైశ్రుతిలో ఎత్తుకున్నారు. రెండో చరణానికే గొంతులు చిట్లిపోతున్నాయి. ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు, ఎవరో ఒకరు శ్రుతి దించుతారేమోనని. ఎవరికీ దించడం చేతకాలేదు. పక్కన గొయ్యి పూడ్చడానికి పారలు పట్టుకున్న మనుషులు పాట అయ్యేదాకా తలలు వంచుకుని నిలబడ్డారు. ఆ పిల్లలు మెడ నరాలు తేలేలా అదే ఎత్తులో చివరి చరణం దాకా పాడారు.