మాస్టారి పాఠాలు, నా పొదుపు

2004లో నర్సీపట్నంలో నాది కంప్యూటర్లు అమర్చి, బాగుచేసే షాపు. అంతకుముందు చాలా ఏళ్లు డీటీపీ సెంటర్ నడిపాను. అర్జీలు, శుభలేఖలు, బయోడేటాలు, అన్నీ బుల్లి ఫైళ్లే. ఫైల్ ఎంత చిన్నదైనా హార్డ్ డిస్క్‌లో కనీసం ఒక గడి ఆక్రమిస్తుంది. ఆ గడి కొలతే బ్లాక్ సైజ్. గడి పెద్దదైతే మిగిలిన చోటంతా దండగ. డిస్కులు ఖరీదైన రోజులు కదా, ఫార్మాట్ చేసినప్పుడల్లా అన్నిటికన్నా చిన్నది, 512 బైట్ల గడి పెట్టడం అలవాటైంది. నా పిసినారితనానికి తెలివని పేరు పెట్టుకున్నాను.

ఆ ఏడాది ట్యూషన్ చెప్పే లెక్కల మాస్టారొకరు వచ్చారు. గొంతుకి ఆపరేషన్ ఉందట, తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారట. అందుకని పదో తరగతి పాఠాలన్నీ ముందే వీడియో తీసుకున్నారు. పాఠాలుండే సర్వర్ ఒకటి, దానికి వైర్లతో కలిపిన ఆరు కంప్యూటర్లు పెట్టించుకున్నారు. సర్వర్ డిస్క్ నేనే ఫార్మాట్ చేశాను, ఎప్పటిలాగే.

ఆపరేషనైంది. మాట తిరిగి రాలేదు. ఒక కంప్యూటర్లో పాఠం బాగానే నడిచేది. ఆరింటిలో ఆరు పాఠాలు పెడితే మాటమాటకీ ఆగేది. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. పక్కనున్న గొలుగొండ నుంచి వచ్చే పిల్లలు అప్పటికే వేరే ట్యూషన్ చూసుకుంటున్నారు. మాస్టారి భార్య షాపుకొచ్చారు.

“ఏటి బాబూ, ఆయన మాట ముక్కలు ముక్కలుగా వస్తంది. పిల్లలు నవ్వుతన్నారు. ఈయన లేసి బయటికెళ్లి కూకుంటన్నారు.”

నాకు తల కొట్టేసినట్టయింది. వైర్లు మార్చాను, ర్యామ్ పెంచాను. ఫలితం లేదు. చివరికి డిస్క్ పరీక్షిస్తే ఒక్కో పాఠం వేల ముక్కలై డిస్కంతా చెదిరి ఉంది. ఆపరేషన్‌కి ముందు మాస్టారు నచ్చని పాఠాలు చెరిపి, మళ్లీ వీడియో తీసి ఎక్కించేవారు. ఖాళీ అయిన బుల్లి గడుల్లోకి కొత్త పాఠం తునకలై సర్దుకునేది. ఆరు పాఠాల ముక్కలు ఏరడానికి డిస్క్ శుభలేఖలు పంచేవాడిలా గడపగడపకీ తిరుగుతోంది. తప్పు నాదే.

మొత్తం చెరిపేసి, 64 కేబీ పెద్ద గడులతో మళ్లీ ఫార్మాట్ చెయ్యాలి. కానీ కెమెరా టేపుల్లో వాళ్లు ఒక పాఠం మీదే ఇంకో పాఠం రికార్డు చేసేశారు. ఆయన గొంతు ఆ డిస్క్‌లో తప్ప ఎక్కడా లేదు. ఆ మాటే మాస్టారింటి అమ్మగారికి చెప్పాను.

“బేగి సెయ్యక్కర్లేదు బాబూ,” అన్నారు ఆవిడ. “జాగర్తగా సెయ్యి.”

ఆదివారం పొద్దున్నే వాళ్లింట్లో కూర్చుని పాఠాలన్నీ వేరే రెండు డిస్కుల్లోకి కాపీ చేశాను. ప్రతి పాఠం మొదలూ, మధ్యా, చివరా తెరిచి విన్నాను. ఆ రెండు డిస్కులూ పక్కన పెట్టుకుని అప్పుడు ఫార్మాట్ నొక్కాను. మళ్లీ ఎక్కించేసరికి సాయంత్రమైంది. ఆరు కంప్యూటర్లలో ఆరు పాఠాలు పెట్టాను. పావుగంట, అరగంట, ఏదీ ఆగలేదు. నా గుండెల మీంచి బండ దించినట్టయింది. అమ్మగారు ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, అర్థం కాని త్రికోణమితిని కళ్లు తుడుచుకుంటూ విన్నారు.

నా పొదుపు సంగతి దాచకుండా మాస్టారికి చెప్పేశాను. చీవాట్లు రాస్తారనుకున్నాను. ఆయన పలక తీసుకుని, నింపాదిగా రాసి నావైపు తిప్పారు.

“లెక్క బాగానే చేశావు. ప్రశ్న చదవలేదు.”

అప్పటినుంచి ఏ డిస్క్ ముట్టుకున్నా, ముందు ఇందులో ఏం దాచుకుంటారని అడుగుతాను.