గమ్‌బూట్లతో జపాన్ భాష

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు కనక. ఇంతకు మించి గొప్ప కారణం ఏమీ లేదు. మిగతావాళ్ళు తీరిక దొరకలేదంటారు, మనసు కుదరలేదంటారు. నాకు తీరికా ఉండేది, మనసూ ఉండేది, అక్షరాలే లేవు. నా చిన్నప్పుడు బడి గంట కొట్టే వేళా, పడవలు ఒడ్డుకొచ్చే వేళా ఒకటే అయ్యాయి. మా అమ్మ తట్ట నెత్తికెత్తుకుని హార్బరుకి నడిస్తే, వెనకాల చిన్న తట్టతో నేను. అంకెలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి (చేపల బజారులో పెరిగినదానికి అంకెలు రాకపోతే పూట గడవదు). ముప్పై దగ్గర పడ్డాక అక్షరాలు ఒక్కొక్కటే పట్టుకోవడం మొదలుపెట్టాను. నలభై దాటాక గానీ వాక్యం తిన్నగా నిలబడలేదు. ఆ రోజుల్లో, అంటే ఒక్క తెలుగు అక్షరం రాని రోజుల్లో, నాకున్నంత పొగరు ఇప్పుడు ఇన్ని అక్షరాలు వచ్చాక కూడా లేదు. చదువు రానివాళ్ళకి వినయం ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. నన్ను చూశాక అసలు నమ్మకండి.

అప్పుడు నేను విశాఖపట్నంలో ఒక రొయ్యల కంపెనీలో పనిచేసేదాన్ని. పెద్ద షెడ్డు, వరసగా స్టీలు బల్లలు, బల్లల మీద ఐసు, ఐసులో రొయ్యలు, రొయ్యల్లో మా చేతులు. తల తుంచడం, పెంకు ఒలవడం, నరం లాగడం. గ్లవ్స్ తొడుక్కున్నా సాయంత్రానికి వేళ్ళు మనవి కావు. అలా నాలుగేళ్ళు గడిచాక తూకం బల్ల దగ్గర ఒక చోటు ఖాళీ అయింది. అక్కడ ఐసు లేదు. టబ్బు తూచడం, చీటీ మీద అంకె వేయడం, అంతే పని. కానీ ఏడో తరగతి చదివినవాళ్ళకే ఇస్తామన్నారు. అదే షెడ్డులో నాకంటే ముందునుంచీ ఉన్న మా పిన్ని నన్ను మేనేజరు ముందు నిలబెట్టి, "ఏడేటి బాబూ, ఎనిమిది సగం దాకా సదివింది. కళ్ళు పాడైపోనాయని మేమే మానిపించేసినాం" అంది. మాట అనేశాక కళ్ళు పాడైనట్టు కనబడాలి కదా! పాత ఊళ్ళో రోడ్డు పక్కన గుడ్డ పరిచి అమ్మేవాడి దగ్గర ఒక కళ్ళజోడు కొన్నాను. అందులోవి ఉత్త గాజుపలకలు.

ఆ కళ్ళజోడుతో నేను పడిన పాట్లు ఏ చూపు లేని మనిషీ పడి ఉండదు. బస్టాపులో దాన్ని సంచిలో దాచేసి, "కళ్ళజోడు మర్సిపోనాను బాబూ, ఈ బస్సు ఎటెల్తాది?" అని పక్కవాళ్ళని అడిగేదాన్ని (మా ఊరి సిటీ బస్సులకి అంకె పక్కన తోకలాగా ఒక అక్షరం ఉంటుంది. అంకె నాకు తెలిసేది, తోక తెలిసేది కాదు. ఒకే అంకె బస్సులు తోకని బట్టి తలో దిక్కుకీ పోతాయి). కంపెనీ గేటు కనబడగానే తీసి పెట్టుకునేదాన్ని. చదువు రాని మనిషికి కళ్ళజోడు లేకపోవడం ఎంత అవసరమో, ఉండడమూ అంతే అవసరం. నిజం బయటపడితే నా చేతులు మళ్ళీ ఐసులోకి పోతాయి, పిన్ని మాట గంగలో కలుస్తుంది. రోజూ గేటు దాటుతూ ఆ భయంతోనే ముక్కు మీద ఫ్రేము సర్దుకునేదాన్ని.

ఎప్పుడూ ఏసీ గదిలోనే ఉంటాడని మా మేనేజరుని మేం ఏసీ సారు అనేవాళ్ళం. ఆయన షెడ్డులోకి అడుగుపెడితే రొయ్యల వాసనకి ఆయనకంటే ముందు ఆయన రుమాలు వచ్చేది. ఒకరోజు ఆయన బయటికొచ్చి, మన సరుకు చూడ్డానికి జపాన్ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చే నెల వస్తున్నారు, ఆయనతో ఆయన భాషలోనే మాట్లాడి ఆశ్చర్యపరచాలి అన్నాడు. అందుకోసం కంప్యూటరులో వేసే ఒక సీడీ తెప్పించాడట. అది చూస్తే నెలరోజుల్లో ఎవరికైనా జపాన్ భాష వచ్చేస్తుందట. (తెలుగులో మాతో నాలుగు మాటలు తిన్నగా మాట్లాడడం ఆయనకి పదేళ్ళయినా రాలేదు. దానికి సీడీ ఏదీ దొరకలేదు కాబోలు.) చదువుకున్నవాళ్ళని ఐదుగురిని ఎంచుతూ నా దగ్గర ఆగి, "ఆ కళ్ళజోడమ్మని కూడా రాసుకోండి" అన్నాడు. పుస్తకాల పురుగుని ఆయన కళ్ళజోడుని బట్టే గుర్తుపట్టేస్తాడు మరి!

నేను తిన్నగా పిన్ని బల్ల దగ్గరికి పరిగెత్తాను. పిన్ని మాత్రం రొయ్య తల తుంచుతూ, "ఎల్లవే, కుర్సీలో కూసుంటావు. ఏటి నొప్పి నీకు?" అంది.

"అచ్చరాలు అడిగితేనో?"

"జపానోడి అచ్చరాలు సారుకి మాత్రం వచ్చునేటి?"

మా పిన్ని మాట ఎంత దూరం పోతుందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

కంప్యూటరు రికార్డుల గదిలో ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట అక్కడ క్లాసు. మొదటిరోజు వెళ్తే మిగిలిన నలుగురూ వట్టి కాళ్ళతో కూర్చుని ఉన్నారు. గుమ్మం బయట చెప్పులు బారులు తీరి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. కంప్యూటరు గదా, గుడా? ఇంత చదువుకుని ఒక డబ్బాకి ఇంత భయపడతారా? నేను మాత్రం షెడ్డులో వేసుకునే గమ్‌బూట్లతోనే, టపటపమంటూ నీళ్ళోడుతూ లోపలికి నడిచి కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. నా ధైర్యం చూసి నోళ్ళు పడిపోయాయనుకున్నాను.

ఇక ఆ సీడీ సంగతి. తెర మీద నాలుగు బొమ్మలు వచ్చేవి. లోపలినుంచి ఒక ఆడమనిషి గొంతు ఒక మాట పలికేది. మేం ఆ గొంతుకి జపాన్ వదిన అని పేరు పెట్టుకున్నాం. సరైన బొమ్మ మీద నొక్కితే టింగుమనేది. తప్పయితే వదిన "చిగైమస్" అని మూతి విరిచేది, అంటే అది కాదు అని. ఆమె నేర్పిన మాటలు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆపిల్ పండు, తెల్ల గుర్రం, ఫిడేలు, కుర్రాడు బల్ల కింద ఉన్నాడు, కుర్రాడు బల్ల కింద లేడు. ఆ కుర్రాడు బల్ల కింద ఎందుకు దూరాడో, నెలరోజులపాటు ఇంట్లోవాళ్ళు ఎందుకు వెతకలేదో ఆమె చెప్పలేదు. రొయ్యలమ్మే కంపెనీ తెప్పించిన ఆ సీడీలో రొయ్య అన్న మాట లేదు. ఐసు లేదు, గ్లవ్స్ లేవు, వాసనొస్తోంది అన్న ముక్క లేదు. గుర్రాలు కొనడానికి వచ్చేవాడితో అయితే హాయిగా మాట్లాడవచ్చు.

రెండో వారం అక్షరాలు మొదలయ్యాయి. తెర మీద అవి రాగానే అందరూ కుర్చీలు ముందుకి లాక్కున్నారు. పక్కకి తిరిగి చూశాను. తగరపువలస నుంచి రోజూ బస్సులో వచ్చి రికార్డులు రాసే ఒక పిల్ల ఉండేది, మేం డిగ్రీ పాప అనేవాళ్ళం. ఆ పిల్ల కళ్ళు చిట్లించి, మెడ వంచి, పెదాలు కదుపుతూ, బస్సు బోర్డు ముందు నేనెలా నిలబడతానో అచ్చం అలా తెరని చూస్తోంది. నాకు లోపల ఎంత చల్లగా ఉందో చెప్పలేను. పిన్ని అన్నది అదే. ఆ గదిలో అందరికీ చదువు రాదు! అందులోనూ వాళ్ళకి అది కొత్త, నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. వాళ్ళు ప్రతి జపాన్ అక్షరం పక్కనా తెలుగులో రాసుకుని, ఆ నోటుబుక్కు మూయగానే మర్చిపోయేవాళ్ళు. నాకు రాసుకునే వీలు లేదు కనక చూసింది చూసినట్టు పట్టుకునేదాన్ని. 'నో' అంటే తల తుంచిన రొయ్య ముడుచుకున్నట్టు ఉంటుంది. 'షి' గాలం. 'త్సు' విరగబోయే కెరటం. 'ను' చిక్కుపడ్డ వల. నొక్కేటప్పుడల్లా ఆ పేర్లు పైకే అనేసేదాన్ని. మూడో వారానికల్లా నేను నొక్కితే టింగు టింగు, వాళ్ళు నొక్కితే చిగైమస్.

అక్కడినుంచి నా తల ఆగలేదు. తడి బల్ల మీద వేలితో 'నో' రాసి పిన్నికి చూపించి, "ఇదేటో సెప్పు సూద్దాం" అనేదాన్ని. "రొయ్యే కదే" అనేది పిన్ని. ఆమెకి కూడా వచ్చేసిందన్న ఈర్ష్యతో చెరిపేసేదాన్ని. ఒకరోజు డిగ్రీ పాప వరసగా ఐదుసార్లు తప్పు నొక్కింది. నేను కుర్చీలో వెనక్కి వాలి, బూటు మీద బూటు వేసుకుని, "డిగ్రీ సదివి ఇదేటమ్మా, ఒక్క అచ్చరం నిలబెట్టుకోలేకపోతన్నావు? ఆ సదువుకెట్టిన టైముకి రొయ్యలొలిసినా పనికొచ్చును" అన్నాను. ఆ పిల్ల నా మొహంకేసి కాకుండా నా బూట్లకేసి చూసి ఊరుకుంది. సిగ్గుతో తల దించుకుందనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా, చిన్నగా, నిద్రలేని మొహంతో ఉన్నాడు. ఏసీ సారు నన్ను ముందుకు తోశాడు. నేను దండం పెట్టి, నాకు బాగా వచ్చిన వాక్యం గట్టిగా పలికాను, కుర్రాడు బల్ల కింద ఉన్నాడని. పాపం ఆయన కంగారుగా వంగి తూకం బల్ల కింద చూశాడు. "ఏటి పడీసుకున్నాడే?" అంది పిన్ని. తర్వాత ఆయన నవ్వి, ఒక చార్టు తీసి, చేతులు కడుక్కుంటున్నట్టు సైగ చేసి, పెద్ద పెద్ద జపాన్ అక్షరాలు రాసి గోడకి తగిలించాడు. షెడ్డులో పని ఆగిపోయింది. నేను ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, "తె ఓ అరత్తె కుదసాయ్" అని చదివేశాను. పుట్టి బుద్ధెరిగాక నేను గోడ మీద చదివిన మొదటి మాటలు అవే. ఆయన నడుం దాకా వంగి దండం పెట్టాడు. బల్లల దగ్గర ఆడవాళ్ళంతా చప్పట్లు.

ఏసీ సారు మొహం వెలిగిపోయింది. మార్కరు నా చేతిలో పెట్టి, "శభాష్! ఇప్పుడు అందరికీ అర్థమయ్యేట్టు దాని కింద తెలుగులో రాయమ్మా, చేతులు కడుక్కోవలెను అని" అన్నాడు.

చార్టు తెల్లగా ఉంది. మార్కరు బరువుగా ఉంది. పిన్ని రొయ్య వదిలేసి నోటి మీద చెయ్యి వేసుకుంది. నా నోట్లోంచి ఎప్పుడూ వచ్చే మాటే వచ్చింది.

"కళ్ళజోడు మర్సిపోనాను సార్."

"మొహం మీదే ఉంది కదమ్మా!"

షెడ్డంతా గొల్లుమంది. ఇంకొక్క నిమిషమైతే అంతా అయిపోయేదే. ఇంతలో డిగ్రీ పాప వచ్చి నా చేతిలో మార్కరు లాక్కుని, "ఆవిడ గ్లవ్స్ తడిసున్నాయి సార్, చార్టు పాడైపోద్ది" అని చకచకా రాసేసింది. "అవునవును" అన్నాడు ఏసీ సారు. ఆయనకి ఏ మాట చెప్పినా రెండుసార్లు అవునంటాడు.

పని దిగాక గేటు దగ్గర ఆ పిల్ల నన్ను ఆపింది.

"అక్కా, నీకు తెలుగు చదవడం రాదు కదా?"

"ఎవలన్నారు? నా కళ్ళు..."

"కళ్ళ సంగతి వదిలెయ్. కంప్యూటరు గది తలుపు మీద ఏటి రాసుందో చెప్పు."

బోర్డులు అప్పటికి నాకు గోడలో భాగమే. అక్కడ ఒకటి ఉందని కూడా తెలియదు.

"చెప్పులు బయట విడవండి అని ఉంది. ఎర్ర రంగుతో, ఇంతేసి అక్షరాలు. మొదటిరోజు నీది పొగరనుకున్నాను. మర్నాడూ అదే అనుకున్నాను. మూడోరోజు దాని కింద ఇంకో కాగితం అంటించాను, ముఖ్యంగా గమ్‌బూట్లు అని. నువ్వు సరిగ్గా ఆ కాగితం మీదే చెయ్యేసి తలుపు తోసుకొచ్చావు. అప్పుడు తెలిసింది."

అలవాటుగా కళ్ళజోడు సర్దుకున్నాను. "మరి సారుకి సెప్పలేదేటి?"

"నువ్వు నా చదువుని రొయ్యలకంటే హీనం చేసిన రోజున చెప్పేద్దామనే వెళ్ళాను. సారు గదికీ చెప్పులు విప్పాలి కదా. వంగి విప్పుకునేసరికి కోపం దిగిపోయింది. అయినా నువ్వు మళ్ళీ ఐసు బల్లకెళ్ళిపోతే నాకు ఆ రొయ్యా గాలం ఎవరు చెప్తారు? ఇన్‌స్పెక్టరు ఇంకా పది రోజులుంటాడు. రేపు అరగంట ముందు రా. నువ్వు నాకు నాలుగు చెప్పు, నేను నీకు నాలుగు చెప్తాను."

గబగబా బస్టాపుకి నడిచాను. ఆ కంగారులో కళ్ళజోడు తీసి దాచడం మర్చిపోయాను. అది పెట్టుకుని ఎవర్ని అడుగుతాను? అంకె చూసి ఎక్కేశాను. తోక వేరే అయింది. సింహాచలం దగ్గర దించుతూ కండక్టరు, "అంత కళ్ళజోడెట్టుకుని బోర్డు కనబడలేదేటమ్మా?" అన్నాడు. కొండ కింద పూల దుకాణాల మధ్య నిలబడి, జపాన్ భాష చదవగలిగిన నేను, ఇంటికి పోయే బస్సు ఏదో తెలియక కాసేపు అలాగే ఉండిపోయాను. చీకటి పడ్డాక ఇల్లు చేరితే గుమ్మంలోనే పిన్ని, "ఏటే, అప్పన్న దర్శనమైందేటి? పెసాదమేదీ?" అంది. ఏం జరిగినా ముందు ఎగతాళి, తర్వాతే అన్నం. అదీ మా పిన్ని.

ఇప్పుడు ఆ జపాన్ అక్షరాల్లో నాకు మిగిలినవి నాలుగో ఐదో. బల్ల కింద కుర్రాడు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు. బూటు మీద బూటు వేసుకుని కూర్చున్న ఆ మనిషి గుర్తొస్తే రెండు తగిలించాలనిపిస్తుంది, మళ్ళీ అంతలోనే నవ్వొస్తుంది. ఎంత భయం ఉంటే అంత చప్పుడు చేసుకుంటూ నడిచిందో పాపం, దానికే తెలియదు.

సింహాచలం పోయొచ్చిన మర్నాడు పొద్దున్న అరగంట ముందే వెళ్ళాను. రికార్డుల గది తలుపు మూసి ఉంది. పైన బోర్డు, దాని కింద కాగితం, కాగితం మీద మాసిపోయిన నా చేతి అచ్చులు. చాలాసేపు చూశాను, ఒక్క అక్షరమూ నాతో పలకలేదు. గుమ్మం పక్కన డిగ్రీ పాప చెప్పులు అప్పటికే ఉన్నాయి. వాటి పక్కన గమ్‌బూట్లు విడిచాను. కళ్ళజోడు తీసి ఎడమ బూటులో పడేశాను. చల్లటి నేల మీద వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాను.