నిజాం పక్క, కలెక్టరు పక్క: కోకాపేటలో ఒక ఆదివారం

మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. పద్నాలుగేళ్లుగా హైదరాబాదు మణికొండలో ఉంటున్నాం. ఈమధ్య మా అమ్మాయి హారిక స్కూలు ప్రాజెక్టు కోసం స్వాతంత్ర్యానికి ముందటి పటం గీసింది. హైదరాబాదుకు నిజాం రంగు, కడపకు బ్రిటిషు రంగు వేసింది. అది చూసి పక్క ఫ్లాట్ నిత్య, "అయితే మీరు బయటోళ్లే కదా" అందట. ఆ రోజు నుంచి హారిక కిందికి ఆడుకోవడానికి వెళ్లలేదు. నేనెంత నచ్చజెప్పినా వినలేదు. ఆ కాలం చూసినవాళ్లనే అడుగుదామని ఆదివారం బయల్దేరాం.

ఉదయం ఎనిమిదిన్నరకు ఆటో ఎక్కాం. కోకాపేట పాత ఊరికి నూట యాభై. ట్రాఫిక్ లేకపోతే పాతిక నిమిషాలు. డ్రైవర్ యాదయ్యకు అరవై దాకా ఉంటాయి, అక్కడే పుట్టాడు. సంగతి వినగానే, "మా అమ్మనడుగుండ్రి సార్. తొంభైకి దగ్గరుంది, ఏదీ మర్వలే" అంటూ నేను ఒకప్పుడు పనిచేసిన ఆఫీసు టవర్ల వెనక గల్లీలో తన ఇంటి ముందు ఆపాడు.

వాళ్లమ్మ మల్లమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. హారిక పటం చూపించి, నిజాం పాలన ఎలా ఉండేదని అడిగింది.

"నిజామును మేమెప్పుడు జూసినం బిడ్డా? మాకు సర్కారంటే జాగీర్దారే. ఊరు, పన్ను, పంచాయితీ అన్నీ ఆయన చేతులనే. మా అమ్మ ఆళ్లింట్ల వెట్టికి పోతుండె, పైస ఇయ్యకపోదురు. పాలు తాగే తమ్ముణ్ని నా సంకల పెట్టి పోయేది. ఆడు ఏడిస్తే నేను గూడ ఏడుస్తుంటి." నావైపు చూసింది. "మీ దిక్కు ఎవలుండిరి?"

"కలెక్టరు, అవ్వా. శిస్తు కట్టకపోతే పొలం వేలం వేసేవాళ్లంట."

హారిక అందుకుంది. "అంతకుముందు మేమూ నిజాం కిందే అవ్వా. ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చుకు బదులు మా జిల్లాలు వాళ్లకిచ్చేశాడు."

మల్లమ్మ చేతులు ఆగిపోయాయి. "ఇచ్చిండా? మీ తాతలను అడిగిండా?"

"లేదు."

"మమ్మల్ని గూడ ఎవ్వలడగలే" అంటూ హారికను పక్కన కూర్చోబెట్టుకుంది. పదిన్నరకు లేవబోతే, జర తిని పొమ్మని జొన్నరొట్టెలు పెట్టించింది.

ఇంటికి రాగానే హారిక వెళ్లి నిత్య వాళ్ల తలుపు కొట్టింది. గంట తర్వాత బాల్కనీలోంచి చూస్తే ఇద్దరూ కింద సైకిళ్లు తొక్కుతున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు.

పటంలోని ఆ సరిహద్దు గీతలు అప్పట్లో గీసిన పాలకులకు జిల్లా అంటే రాబడి. గీతకు ఒక పక్కన వెట్టి చేసిన తల్లులు, ఇంకో పక్కన పొలం పోయిన రైతులు. ఆ టవర్లలో ఆరేళ్లు పనిచేసి, వెనక గల్లీలోకి ఒక్కసారైనా వెళ్లనందుకు నాకు సిగ్గేసింది. మీరూ వెళ్లాలనుకుంటే పదకొండులోపు చేరుకోండి. ఎండ ముదిరితే పెద్దవాళ్లు లోపలికెళ్లి పడుకుంటారు. వాయిదా మాత్రం వేయకండి. ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఊళ్లో ఇక ముగ్గురే ఉన్నారట.